పాలిచ్చే తల్లి తూకం

శుక్రవారం నాడు చురకల సారు చార్టుని తలకిందులుగా తిప్పి బల్ల మీద పెట్టి, "ఇలా పెడితే సరిగ్గా ఉందమ్మా" అనేసి లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయిన దగ్గర తూకాలమ్మని వదిలిపెట్టాం. శని, ఆదివారాలు రెండూ ఆమె ఆ చార్టుని అలా తలకిందులుగానే చూస్తూ గడిపింది. నిజం చెప్పాలంటే, సారు అన్నట్టు అలా పెడితేనే సరిగ్గా కనిపిస్తోంది. అదే ఆమె బాధ.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. తూకాలమ్మ అసలు పేరు ల్యాబులో ఎవరికీ గుర్తులేదు. దేన్నయినా రెండోసారి తూచితే గానీ నమ్మదు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. నాలుగేళ్ళుగా ఆమె చదువంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. బాగా ఒళ్ళు చేసిన తల్లి ఎలుక, పిల్లలకి పాలిస్తున్న రోజుల్లో, ఒంట్లో పేరుకున్న కొవ్వుని ఏం చేసుకుంటుంది? ఆ పని దానిచేత ఏ హార్మోను చేయిస్తుంది?

కొవ్వు తిండి పెట్టి లావెక్కించిన పదహారు తల్లుల్ని తీసుకుంది. ఎనిమిదింటికి ఎర్ర కార్డు పెట్టెలు. వాటికి రోజూ ఒక సూది, పాల హార్మోను ప్రొలాక్టిన్‌ని అణిచేసే మందుది. మిగతా ఎనిమిదింటికి పచ్చ కార్డు పెట్టెలు, ఉత్త ఉప్పునీటి సూది. పాలు చాలని తల్లుల దగ్గర పిల్లలు ఎండిపోకూడదని రోజూ పొద్దున్నే పిల్లల్ని ఆ పెట్టెల్లోంచి ఈ పెట్టెల్లోకి మార్చేవాళ్ళు. అందుకని పిల్లల్ని చూసి ఏ తల్లికి పాలున్నాయో, ఏ తల్లికి లేవో చెప్పడానికి లేదు.

అందరూ అనుకున్నది ఏమిటంటే, పాలిచ్చే తల్లులు చిక్కుతాయి, మందు పడ్డవి లావుగానే ఉండిపోతాయి అని. పదిహేను రోజుల తూకాల్లో తేలింది దానికి పూర్తిగా వ్యతిరేకం. పచ్చ కార్డు తల్లులు సగటున పద్దెనిమిది గ్రాములు పెరిగాయి. ఎర్ర కార్డువి పద్నాలుగు గ్రాములు తగ్గాయి.

ఈ పరిశోధన సాగాలా, ఆగాలా అని తేల్చే సంఘానికి చురకల సారు పెద్ద. "పెట్టెలు మారిపోయాయి, లేదా ఎవరో మార్చారు" అన్నాడాయన. "మొదటి రోజే సీలు చేసిన కవరొకటి ఉందన్నారుగా. సోమవారం పదకొండింటికి వస్తాను. నా కళ్ళ ముందే తెరవండి."

ఆ సోమవారం రానే వచ్చింది.

*

పొద్దున్నే ఇంట్లో స్నానాల గది ముందు తూకాలమ్మ అక్క నిలబడి ఉంది, తూకం మిషను మీద. చంకలో నాలుగు నెలల బిడ్డ. బిడ్డతో ఒకసారి తూగి, బిడ్డని మొగుడి చేతికిచ్చి మళ్ళీ ఒకసారి ఎక్కింది.

"చిన్నీ, ఇది పాడైందేమో చూడవే."

"పాడవలేదక్కా. నిన్న రెండుసార్లు చూశాను."

"అయితే నేనే పాడయ్యాను. పాలిస్తే మంచులా కరిగిపోతావన్నారు అందరూ. ఎక్కడ? నాలుగు నెలల్నుంచీ ముల్లు అక్కడే మేకు కొట్టినట్టు నిలబడింది."

బావ బిడ్డని ఊపుతూ, "ముల్లుకేం, అది నీ మాట వినే రకం కాదు, నాలాంటిది కాదుగా" అన్నాడు. అక్క నవ్వలేదు. బల్ల మీద పెట్టిన పళ్ళెంలోంచి సగం తీసి గిన్నెలో పెట్టి మూత పెట్టేసింది. పది రోజులుగా ఇదే వరస. పొద్దున సగం, రాత్రి ఇంకా సగం. బిడ్డ నోరు పెట్టినప్పుడల్లా కళ్ళు తిరుగుతున్నాయని గోడకి ఆనుకుని కూర్చుంటోంది.

"తినక్కా, అది కాదు..." అని మొదలుపెట్టి తూకాలమ్మ ఆగిపోయింది. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? పాలిచ్చే తల్లులు బరువెక్కాయని తన చార్టే చాటుతోంది. ఆ చార్టు నిజమో, ఎవరి చేతి తప్పో తనకే తెలియదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి మెట్లు దిగేసింది.

*

ల్యాబులో అడుగుపెట్టీ పెట్టకముందే మేడమ్ పిలిచింది. మేడమ్ అంటే ఆమెకి పరిశోధన నేర్పిన గురువు. కోపం వస్తే గొంతు తగ్గిపోతుంది ఆవిడకి. ఇవాళ మాట దాదాపు వినపడటం లేదు.

"ఈ కాగితం సంగతి నీకు తెలుసా?"

గళ్ళ నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి కిందికి జారిపోతున్నాయి. 'పెట్టెలు మార్చింది నేనే. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. ఏ శిక్షయినా నాకే వేయండి.' కింద బాబాయ్ సంతకం.

ఎలుకల గది చూసుకునే మనిషిని ఆ కట్టడంలో అందరూ బాబాయ్ అనే పిలుస్తారు, ఆయనకంటే పెద్దవాళ్ళతో సహా. ఇరవై రెండేళ్ళుగా ఆ గది తాళాలు ఆయన మొలలోనే ఉన్నాయి. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు.

తూకాలమ్మ దాన్ని రెండోసారి కూడా చదివింది. కాగితం అక్కడే పెట్టి కిందికి పరుగెత్తింది.

ఎలుకల గది నేలకి ఒక అంతస్తు కింద ఉంది. బూట్లకి గుడ్డ తొడుగు వేసుకుని, చేతులు కడుక్కుని, రెండు తలుపులు దాటి వెళ్ళాలి. రంపపు పొట్టు వాసన, ఫినాయిలు వాసన, చల్లగాలి మిషను రొద. బాబాయ్ ఒక పెట్టె మూత తీసి పాత పొట్టు ఎత్తిపోస్తున్నాడు. ఆమెని చూసి చేతులు ఆపలేదు.

"బాబాయ్, ఆ కాగితం ఏంటి?"

"చూశావా? నా రాత బాలేదులే. చదవగలిగారా?"

"బాబాయ్!"

"అరవకమ్మా, కొత్తగా ఈనిన తల్లులున్నాయి. బెదిరితే పాలు చేపవు."

ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు మార్చావా? నా కళ్ళలోకి చూసి చెప్పు."

ఆయన చూశాడు. చూశాడే గానీ, ఆ చూపు ఆమె కళ్ళ దగ్గర ఆగలేదు. పక్కకి, చెవి దగ్గరికి ఎక్కడికో పోయింది. అప్పుడు అర్థమయింది ఆమెకి. ఆయన నల్లగుడ్డు మీద పల్చటి తెల్లపొర ఉంది.

"ఎప్పట్నించి?"

"ఏడాది దాటింది." పొట్టు డబ్బా కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. "రంగులు తెలుస్తాయి తల్లీ. ఎరుపూ పచ్చా తేడా బాగానే తెలుస్తుంది. నెంబర్లే అలుక్కుపోయినట్టుంటాయి. చెప్తే తీసేస్తారు కదా అని చెప్పలేదు. ఎనిమిదో రోజున ఏసీ ఆగిపోయింది గుర్తుందా? పదహారు పెట్టెలూ వరండాలోకి మోశాను. మోస్తుంటే నాలుగైదు కార్డులు ఊడి కిందపడ్డాయి. ఏది దేనిదో నాకు తెలిసినట్టే పెట్టాను. కరెక్టుగానే పెట్టాననుకున్నాను. శుక్రవారం ఆ సారు అరిచాక, ఏమో, పెట్టలేదేమో అనిపించింది. రెండు రాత్రులు కన్ను మూస్తే ఆ కార్డులే. నా వల్ల నీ నాలుగేళ్ళూ గంగపాలు కాకూడదు కదా."

"అంటే మార్చావో లేదో నీకే తెలీదు."

"తెలీదు. అందుకే మార్చానని రాశాను. తెలీదని రాస్తే నిన్ను వదలరు."

ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన నిజంగానే కార్డులు తప్పు పెట్టి ఉంటే? ఎనిమిదో రోజు నుంచి మందు వేరే ఎలుకలకి పడి ఉంటే? అప్పుడిక పోయిన పదహారు తల్లుల ప్రాణాలూ వృథాయే.

"లే బాబాయ్. పదకొండవుతోంది. నువ్వూ పైకి రా."

"నేనెందుకు తల్లీ అక్కడ?"

"నీ కాగితం మీదే కదా మాట. ఉండాల్సింది నువ్వే."

*

సమావేశం గదిలో ఒక పొడుగాటి బల్ల, పది కుర్చీలు, గోడకి తెల్లబోర్డు. చురకల సారు అప్పటికే వచ్చేశాడు. ఆయన బూట్లు కూడా మనుషుల్ని తప్పుబడుతున్నట్టు చప్పుడు చేస్తాయని కుర్రవాళ్ళు అనుకుంటారు. బాబాయ్ తలుపు పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాగితం రాసింది మీరేనా?" అన్నాడు సారు.

"నేనేనండి."

"మంచిది. నిజాయితీ ఉన్నవాడు ఒక్కడైనా దొరికాడు ఈ ల్యాబులో." ఆ చురక ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. తూకాలమ్మ బల్లకేసి చూస్తూ ఉండిపోయింది.

మేడమ్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. అంచు మీద లక్క, లక్క మీదుగా సంతకం.

"ఎలుక చెవికి చిన్నప్పుడే నెంబరు తెలిసేలా గాట్లు పెడతాం. కార్డు ఊడిపోతుంది, పెట్టె మారుతుంది, చెవి మారదు" అంది మేడమ్. "మొదటి రోజున ఏ చెవి నెంబరు ఎలుక ఏ గుంపులో పడిందో నేనే రాసి ఇందులో పెట్టాను. ఈ అమ్మాయికి కూడా చూపించలేదు. చివరి రోజున ఈమె రక్తం తీసి, కొవ్వు తీసి, సీసాల మీద చెవి నెంబరు మాత్రమే వేసింది. రక్తం పక్క ల్యాబుకి పంపాం. ప్రొలాక్టిన్ ఎంతుందో వాళ్ళు కొలిచి ఇచ్చిన కాగితం మీ చేతిలోదే."

సారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంటే మొదటి రోజున మందు గుంపులో ఉన్నవాటికే చివరి రోజున కూడా ప్రొలాక్టిన్ పడిపోయి ఉండాలి. మధ్యలో కార్డులు మారి ఉంటే కలగాపులగం అయిపోతుంది."

"అంతే సార్."

"చదవండి. మందు గుంపు. మీరు నెంబరు చెప్పండి, నేను విలువ చెప్తాను."

మేడమ్ కవరు చింపింది. ఆ చప్పుడుకి బాబాయ్ ఉలిక్కిపడ్డాడు.

"రెండు."

సారు వేలు కాగితం మీద జారింది. "పద్దెనిమిది."

తూకాలమ్మ తెల్లబోర్డు మీద రాసింది. మామూలుగా పాలిచ్చే తల్లిలో అది వందల్లో ఉండాలి. పద్దెనిమిదంటే మందు పడినట్టే. ఒక్కటి. ఒక్కటి ఎవరికైనా కుదురుతుంది.

"మూడు."

"పదకొండు."

"ఆరు."

"పద్నాలుగు."

"ఏడు."

సారు వేలు ఒకచోట ఆగింది. తూకాలమ్మ చేతిలో పెన్ను కూడా ఆగింది. సారు కాగితాన్ని కళ్ళకి దగ్గరగా తీసుకుని, "అచ్చు సరిగ్గా పడలేదు. తొమ్మిది" అన్నాడు. ఆమె గబుక్కున రాసేసింది.

మేడమ్ "పదకొండు" అంటే సారు "పదహారు" అన్నాడు. "పన్నెండు." "పదమూడు." "పదమూడు." "పది."

"పదహారు" అంది మేడమ్, ఆఖరిది.

"పంతొమ్మిది."

ఎనిమిదికి ఎనిమిదీ ఇరవై లోపే. మిగతా ఎనిమిదింటినీ సారు ఎవరూ అడక్కుండానే గబగబా చదివేశాడు. మూడు వందల ఇరవై, రెండు వందల తొంభై, నాలుగు వందల ఐదు... ఒక్కటి కూడా వందకి దిగలేదు.

సారు కాగితం బల్ల మీద పెట్టి తలుపు వైపు తిరిగాడు.

"ఏమయ్యా, నువ్వు అబద్ధం రాశావే."

బాబాయ్ బెదిరిపోయి తూకాలమ్మ వైపు చూశాడు. "ఏమైంది తల్లీ?"

"నువ్వు మార్చలేదు బాబాయ్. ఒక్క కార్డు కూడా తప్పు పెట్టలేదు. ఎనిమిదో రోజున కింద పడ్డవన్నీ సరిగ్గానే పెట్టావు."

ఆయన వెనక్కి కట్టుకున్న చేతులు విడివడ్డాయి. గోడ పట్టుకుని, అందాకా ఎవరు చెప్పినా కూర్చోని మనిషి, దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. "కడుపులో పాలు పోశావమ్మా" అన్నాడు. అని, రెండు అరచేతుల్తో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు.

*

"పెట్టెలు మారలేదు. బాగుంది" అన్నాడు చురకల సారు. "ఆ బెంగ తీరింది. ఇప్పుడు ఇంకో బెంగ. చార్టు నిజమైతే నాకు ఇంకా కష్టం. పాల హార్మోను ఉన్న తల్లి లావెక్కింది, లేని తల్లి చిక్కింది అని రాస్తారా మీరు? రాస్తే నలుగురూ నవ్వరూ?"

"చిక్కిందని రాయం సార్" అంది తూకాలమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తగ్గిందని రాస్తాం. తగ్గింది బరువు. కొవ్వు తూకాలు కూడా ఒకసారి చదవనివ్వండి."

పొట్ట అడుగునా, మూత్రపిండాల చుట్టూ పేరుకున్న కొవ్వుని ఒక్కో ఎలుకలోంచి తీసి తూచిన అంకెలు ఆమె పుస్తకంలో ఉన్నాయి. ఏ నెంబరు ఏ గుంపుదో తెలియకుండానే తూచింది కాబట్టి, వాటి అర్థం ఆమెకీ ఇప్పుడే తెలియబోతోంది. బోర్డు మీద రెండు వరసలు రాసింది.

మందు పడ్డవాటిలో సగటు కొవ్వు ముప్పై ఎనిమిది గ్రాములు. పాలిచ్చిన తల్లుల్లో ఇరవై మూడు.

"తిరగబడింది" అంది మేడమ్ కుర్చీలోంచి లేచి.

"తిరగబడలేదు మేడమ్. నిలబడింది. బరువు పెరిగిన తల్లుల్లోనే కొవ్వు తగ్గింది."

సారు బోర్డు దగ్గరికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఎలా తగ్గిందో నీ మాటల్లో చెప్పు. పుస్తకంలో మాటలు నాకూ వచ్చు."

"రక్తంలో కొవ్వు తిరుగుతూనే ఉంటుంది సార్. దాన్ని లోపలికి లాక్కునే ఎంజైము కొవ్వు కణాల దగ్గరా ఉంటుంది, పాల గ్రంథుల దగ్గరా ఉంటుంది. రెండు ఇళ్ళకి రెండు తలుపులనుకోండి. ప్రొలాక్టిన్ ఉన్నంతసేపూ కొవ్వు ఇంటి తలుపు దాదాపు మూసుకునే ఉంటుంది, పాల ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంటుంది. తిన్నదీ, దాచుకున్నదీ పాలల్లోకి పోతుంది. మందు వేసి హార్మోనుని అణిచేస్తే పాల ఇల్లు మూతపడుతుంది, వచ్చిందంతా మళ్ళీ కొవ్వు ఇంట్లోకే. లావు తల్లుల్లో ఈ తలుపులు మొరాయిస్తాయేమోనని మా భయం. మొరాయించలేదు."

"సరే. పదిహేను గ్రాముల కొవ్వు పోగొట్టుకున్న ఎలుక, పోగొట్టుకోని దానికంటే ముప్పై రెండు గ్రాములు ఎక్కువ ఎలా తూగింది? ఆ నలభై ఏడు గ్రాములూ జేబులో రాళ్ళా?"

తూకాలమ్మ సంచిలోంచి ఇంకో నోటుపుస్తకం తీసింది. మేడమ్ దాన్ని చూసి కనుబొమలు ముడిచింది.

"అదేంటి?"

"కాలేయం, పేగులు, పాల గ్రంథులు మేడమ్. అవి కూడా తూచాను."

"వద్దన్నాను కదా. టైము లేదు, కొవ్వొక్కటి చాలన్నాను."

"అన్నారు మేడమ్. మీరు వద్దన్నది ఒక్కసారే."

చురకల సారు మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వుకి అలవాటు లేని మొహం కాబట్టి కొంచెం ఎగుడుదిగుడుగా వచ్చింది.

ఆమె అంకెలు చదివింది. హార్మోను పనిచేస్తున్న తల్లికి ఆకలి మామూలుగా ఉండదు. ముగ్గురి తిండి ఒక్కతే తింటుంది. అంత తిండి అరగాలంటే పేగు సాగుతుంది, మందమవుతుంది. పేగూ, అందులో ఉన్న తిండీ కలిపి ఇరవై ఒక్క గ్రాములు ఎక్కువ. రాత్రీ పగలూ పనిచేసే కాలేయం ఆరు. పాలు నిండిన గ్రంథులు పదిహేడు. మందు పడ్డ తల్లుల్లో ఆ పేగు కుంచించుకుపోయింది, గ్రంథులు ఎండిపోయాయి. అందుకని బరువు తగ్గింది, కొవ్వు మాత్రం ఉన్నచోట ఉంది.

"మొత్తం నలభై నాలుగు" అన్నాడు సారు. "ఇంకా మూడు గ్రాములున్నాయి."

"నీళ్ళయి ఉంటాయి సార్. తూచలేదు."

"హమ్మయ్య. నువ్వు తూచనిది ఒకటుందన్నమాట."

మేడమ్ పకపకా నవ్వేసింది. బాబాయ్‌కి సంగతేమిటో అర్థం కాకపోయినా ఆయనా నవ్వాడు. తూకాలమ్మ మాత్రం నవ్వలేకపోయింది. నవ్వబోతే కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. బోర్డు తుడిచే గుడ్డతోనే తుడుచుకుంది, మొహానికి నల్లసిరా అంటుకుందని కూడా చూసుకోలేదు.

సారు బల్ల మీదున్న గళ్ళ కాగితం తీసి నాలుగు ముక్కలుగా చింపి, ఆ ముక్కలు బాబాయ్ చేతిలో పెట్టాడు. "ఇంకెప్పుడూ చెయ్యని తప్పు ఒప్పుకోకు. చేసినవాళ్ళే ఒప్పుకోని లోకం ఇది. నువ్వు లెక్క చెడగొడుతున్నావు." తర్వాత మేడమ్ వైపు తిరిగాడు. "శుక్రవారం నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ చార్టు మాత్రం మామూలుగానే పెట్టండి. పని సాగనివ్వమని ఇవాళే రాసిస్తాను." తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. బోర్డు మీద ఒక అంకె చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాడు. "పోతూ పోతూ ఒకటి. ఈ పదకొండో నెంబరు. మందు పడింది, ప్రొలాక్టిన్ పదహారే. అయినా కొవ్వు పంతొమ్మిది. మీ కథ ప్రకారం దానికి ముప్పై ఎనిమిది ఉండాలి. తప్పని అనడం లేదు. తప్పయితే నాకింత ఆశ పుట్టేది కాదు. దాన్ని ఇంకే హార్మోను నడిపిస్తోందో చూడండి."

*

బాబాయ్ కంటి సంగతి మేడమ్‌కి చెప్పింది తూకాలమ్మే. చెప్పేటప్పుడు భయపడింది గానీ, మేడమ్ గొంతు తగ్గలేదు. తగ్గకపోగా గట్టిగానే అరిచింది. "ఏడాది నుంచి దాచాడా? చిన్న ఆపరేషను, పూట పని. రేపే తీసుకెళ్ళు. నెల రోజులు సెలవు పెట్టించు. ఈ మనిషిని తీసేసి ఎలుకల పేర్లు ఎవర్ని అడగాలి నేను?"

వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేసింది.

"అక్కా, తిన్నావా?"

"తిన్నాను."

"పొద్దున గిన్నెలో మూత పెట్టింది తిన్నావా?"

అవతల బిడ్డ గుక్క పెడుతున్న చప్పుడు.

"అక్కా, విను. మిషను నీ బరువెంతో చెప్తుంది గానీ ఆ బరువు దేనిదో చెప్పదు. నా తల్లులు బరువెక్కాయి కదా, లోపల కొవ్వు తగ్గింది. బరువంతా పాలదీ, పేగుదీ, పనిదీ. ఎలుకల సంగతి ఎలుకలదే అనుకో. నీ సంగతి నాకు తెలీదు, సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తా. కానీ ఆకలేస్తే మాత్రం తిను. ఆ ఆకలి నీ సొంతం కాదు, నీ హార్మోనుది."

"అంటే ఇప్పుడు ఎలుకలు ఒప్పుకుంటే గానీ నాకు తిండి పెట్టవన్నమాట."

"ఒప్పుకున్నాయక్కా. పదహారూ ఒప్పుకున్నాయి." ఒక్క క్షణం ఆగి, "పదిహేను" అని దిద్దుకుంది.

అక్క నవ్వింది. పది రోజుల తర్వాత మొదటి నవ్వు. గిన్నె మూత తీసిన చప్పుడు, చెంచా చప్పుడు, ఆ తర్వాత నోటినిండా ఉన్నదానితో, "పెట్టెయ్యవే, తినేటప్పుడు మాట్లాడకూడదు" అన్న గొంతు వినిపించాయి. తూకాలమ్మ ఫోను జేబులో వేసుకుని గోడకి వీపు ఆన్చి కాసేపు అలాగే నిలబడింది. ఒంట్లోంచి ఎవరో పెద్ద బండరాయి దింపి పక్కన పెట్టినట్టుంది. నిన్నటిదాకా ఈ వరండా ఇంత వెలుతురుగా ఉండేదా?

బాబాయ్ రెండు టీలు పట్టుకుని వచ్చాడు. ఒకటి ఆమెకిచ్చాడు. రెండోది తాగకుండా చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, ఇంకా ఏంటి బెంగ? రేపు ఆస్పత్రికి నేనే వస్తాను కదా."

"అది కాదు తల్లీ. ఆ సారు సున్నా చుట్టాడే, పదకొండు. అది నాకు తెలుసు. ఒక కడుపున పుట్టిన రెండు ఆడవాటిలో అదొకటి. రెండూ ఒకేలా ఉండేవి, లావులో, పొగరులో. నీకు పదహారే కావాలన్నారు. అప్పటికి పదిహేడు ఈనాయి. పదిహేడోదాన్ని తీసెయ్యమన్నారు మేడమ్."

"అవును. తీసేశారు. చనిపోయిందని రిజిస్టర్లో ఉంది. నేనే చూశాను."

"రాసింది నేనే కదమ్మా." టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. "ఏడు పిల్లలు తల్లీ. కళ్ళు కూడా తెరవలేదు. చేతులు రాలేదు. వెనకాల పొట్టు బస్తాల గదిలో పెట్టాను. ఇప్పటికీ పాలిస్తూనే ఉంది. తోటి ఎలుకలు తిన్న తిండే పెట్టాను, అదే కొవ్వు తిండి. సూదీ లేదు, మందూ లేదు." గొంతు తగ్గించాడు. "అది లావుగా లేదమ్మా. రోజురోజుకీ చిక్కి పుల్లలా అయిపోయింది, అయినా పాలు ఆగలేదు. దాని అక్కకి వచ్చిందే దీనికీ వచ్చిందేమో. అది ఇంకా బతికుంది. చూస్తావా?"

పదకొండుకి తోబుట్టువు. బతికున్న తోబుట్టువు. సారు చుట్టిన సున్నాకి జవాబు ఆ బస్తాల వెనక పెట్టెలో పాలిస్తోంది. ఆ పెట్టె వెనక రిజిస్టర్లో ఒక తప్పుడు రాత కూడా ఉంది. ఈ తప్పు మాత్రం నిజంగా బాబాయ్ చేసిందే.

"ఎవరికీ చెప్పకు బాబాయ్, ముందు నేను..."

వెనక బూట్ల చప్పుడు ఆగింది. మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చిన చురకల సారు మెట్ల మలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. ఆయన మొహంలో కోపమూ లేదు, నవ్వూ లేదు. ఒక చురకైనా వేస్తాడని ఇద్దరూ ఎదురుచూశారు. వేయలేదు.

నెమ్మదిగా దగ్గరికి వచ్చి బాబాయ్ ముందు అరచేయి చాచాడు.

"ఆ గది తాళంచెవి ఇటివ్వు" అన్నాడు.